నీరు రాని దారిలోన

అత్త ఫొటోకు ఫ్రేము కట్టించుకుని వద్దామని అనంతపురం బస్సెక్కాను. పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి చెవిలో పెట్టుకున్న తీగ ఫోను దగ్గర ఊడిపోయి, పాట ఉన్నట్టుండి బయటికి వినబడింది. ఆ పిల్ల తడుముకుని ఆపేలోపు పల్లవి అయిపోయింది. తబలా లేదు, వేణువు లేదు. ఒక్క గిటారు, గుసగుసలాంటి ఒక ఆడగొంతు. "నీవు రాని దారిలోన నిలిచి ఉంది నా ఎద, నిండకున్న కడవలాగ నీడ చాటున ఉన్నది."

"పాపా, ఆ పాటలో పిల్ల తప్పు పాడుతాందే. అది నీరు రాని కదా," అన్నాను.

"తప్పేం లేదవ్వా. ఇది కొత్తగా పాడింది. పాతదాంట్లో కూడా నీవు అనే ఉండాది. కావల్లంటే విను," అని పాతది వెతికి, తీగలో ఒక కొస నా చెవిలో పెట్టింది. నన్ను అవ్వ అన్నందుకు నొచ్చుకునే వయసు దాటిపోయింది. విన్నాను. మా ఇంటి రేడియోలో వచ్చిన గొంతే అది. అప్పుడు గొంతు పక్కన గరగర కూడా వచ్చేది, ఇప్పుడు ఆ గరగర ఎవరో తుడిచేశారు. స్పష్టంగా ఉంది. నీవు. ఆ పిల్ల ఇంకోసారి పెట్టింది. మళ్ళీ నీవే. తీగ కొస ఆ పిల్ల చేతిలో పెట్టేశాను. బస్సంతా జనమే ఉన్నా, ఈ సంగతి చెప్పుకోవాల్సిన మనిషి ఒక్కతే, ఆమె నా ఒడిలో సంచిలో ఫొటోగా ఉంది.

పదో తరగతితో బడి మానేసినదాన్ని నేను. మిగతా చదువంతా పామిడిలో శాఖా గ్రంథాలయం బల్ల మీద మోచేతులు ఆనించి చదువుకున్నదే. నైటీలు కుట్టే పని మధ్యాహ్నానికి ముగించి, వేళ్ళకు మిషను నూనె వాసన పోకముందే అక్కడికి చేరేదాన్ని. కథలతో మొదలుపెట్టి, అర్థం అయినా కాకపోయినా వ్యాఖ్యానాల దాకా పోయాను. అక్కడ నేర్చుకున్న మాటల్లో నాకు బాగా నచ్చినది పాఠాంతరం. ఒకే పద్యం ఒక తాటాకుల ప్రతిలో ఒక రకంగా, ఇంకో ప్రతిలో ఇంకో రకంగా ఉంటే దాన్ని పాఠాంతరం అంటారు. పండితులు ఒకదాన్ని పైన ఉంచి, రెండోదాన్ని పేజీ అడుగున చిన్న అక్షరాల్లోకి దించుతారు. ఎప్పుడో ఒకసారి మాత్రం తేల్చలేక, రెండూ గ్రాహ్యములే అని వదిలేస్తారు. ఆ మాట చదివినప్పుడల్లా వాళ్ళ మీద నాకు కొంచెం చిన్నచూపు కలిగేది. తేల్చడానికే కదా అంత చదివింది అనిపించేది.

మా ఇంట్లో అప్పుడు నలుగురం. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నాయనకు బజారులో గుడ్డల అంగడి. సాయంత్రం ఆయన లోపలికి వస్తే గంజిపెట్టిన కొత్తగుడ్డ వాసన ముందు వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవాడు. నాయన తల్లిని జేజి అనేవాళ్ళం. నాలుగో మనిషి నాగరత్నత్త, నాయన చెల్లెలు. ఆమెను బళ్ళారిలో ఇచ్చారు. కడుపు పోయి నీరసించిందని నెల రోజులు మా ఇంట్లో ఉండటానికి వచ్చింది. మా వైపు ఒక పద్ధతి ఉంది. పుట్టింటికి వచ్చిన ఆడమనిషి తనంతట తాను మెట్టినింటికి పోకూడదు. మొగుడు వచ్చి పిలుచుకుని పోవాలి. మామ రాకముందే అత్త తన ట్రంకుపెట్టె సర్ది, తలుపు పక్కన పెట్టుకుని ఉంది.

మామ వచ్చాడు, తన అన్నను వెంటబెట్టుకుని. అది కరువు ఏడాది. పెన్నలో చెలమలు తవ్వితే చేతికి తడి ఇసుకే వచ్చేది. ఇంట్లో ఆ పూటకు ఉన్నది ఒక్క కడవ. గడపలో నిలబడ్డ ఇద్దరికీ కలిపి జేజి ఒక్క చెంబు నీళ్ళు ఇచ్చింది. మామ వంచుకుని పోసుకుంటే ఆయన కాళ్ళకే చాలలేదు. వెనక ఉన్న పెద్దాయన చెంబు తలకిందులు చేసి చూశాడు.

"ఏమప్పా, ఇంటికొచ్చిన అల్లునికి కాళ్ళకు నీళ్ళు కూడా గతి లేదా మీ ఇంట్లో?" అన్నాడు.

జేజికి నోరు ఎక్కువ. "మీకు తుంగభద్ర పారతాది. మాకు పెన్నలో ఇసుక పారతాది. ఉండేదే ఇచ్చినాం నాయనా. వంటకు పెట్టుకున్న నీళ్ళు మీ కాళ్ళకు పోస్తే మీకు అన్నం యాడ నుంచి వండేది?" అంది.

అన్నం మాట పెద్దాయన చెవిన పడలేదు, ఇసుక మాటే పడింది. "అట్లనా. అయితే మీ ఏట్లో నీళ్ళొచ్చినప్పుడు కబురు పెట్టండి, వస్తాం," అని తమ్ముని భుజం మీద చేయి వేసి తిప్పుకుని పోయాడు. మామ ఒకసారి వెనక్కి చూశాడు, ట్రంకుపెట్టె వైపో అత్త వైపో నాకు తెలియదు. ఒక కాలు తడిగా, ఒక కాలు మట్టిగా పోయాడు. పొయ్యి మీద ఎసరు మరుగుతూనే ఉంది. ఆ పూట ఆ అన్నం మేమే తిన్నాం.

ఆ రోజు నుంచి అత్త పొద్దుగూకే వేళకు ఇత్తడి చెంబు తోమి, నిండా నీళ్ళు పట్టి, పైన మూత పెట్టి గడప పక్కన ఉంచేది. ఆ నీళ్ళు తన స్నానపు వంతులోంచి తీసేది. మా ఇంట్లో నీళ్ళకు వరస ఉండేది. బండ మీద స్నానం చేస్తే జారిన నీళ్ళు తొట్టిలోకి, తొట్టి నీళ్ళు అంట్లకు, అంట్ల నీళ్ళు కరివేపాకు చెట్టుకు. ఆ వరసలో లేని చెంబు అదొక్కటే. తెల్లవారి ఆ నీళ్ళను అత్త చెట్టుకు పోసేది. జేజి చూసేది, చూసి తన పనిలో పడేది.

ఆ పాట వచ్చింది అప్పుడే. లలితగీతం అందామంటే అందులో గిటారు ఉంది. సినిమాపాట అందామంటే దానికి సినిమా లేదు. బస్సులో అమ్మాయి చెప్పింది, ఇప్పుడు దాన్ని సాఫ్ట్ పాప్ అంటారట. మేం మెత్తని పాట అనేవాళ్ళం. రేడియోలో వచ్చిన కొన్నాళ్ళకే క్యాసెట్టు వచ్చింది. ఉగ్గాని అమ్మే హోటల్లో అదే, మిషన్ల దగ్గర అదే. మా ఊరంతా దాన్ని నీరు రాని దారిలోన అనే విన్నది. రేడియో గరగరలో 'వు' ఎక్కడ, 'రు' ఎక్కడ? పైగా రెండో వరసలో నిండని కడవ ఉంది. కడవ ఉన్న పాటలో ముందు వచ్చే మాట నీరు కాక ఇంకేమవుతుంది? కోస్తాలో ఏ కాలువ గట్టునో కూర్చుని ఒకాయన ప్రియుని కోసం రాసిన పాటను, మేం కుళాయి కోసం రాసిన పాటగా విని మనసు పారేసుకున్నాం. గొడ్డు కరువులో మా బాధ తెలిసిన కవి ఒకడున్నాడని మురిసిపోయాం. నేనైతే గ్రంథాలయంలో కూర్చున్న వాళ్ళకు ఆ పల్లవికి తాత్పర్యం కూడా చెప్పాను. దారి అంటే ఏటి దారి, ఎద అంటే నేల గుండె అని.

ఆ తర్వాత ఆ పాట మా చుట్టుపక్కల పెట్టిన అడుగులన్నీ నాకు తెలుసు. పెళ్ళిళ్ళలో బ్యాండు వాళ్ళు పెళ్ళికూతురిని పంపే వేళకు దాన్ని క్లారినెట్టు మీద వాయించేవాళ్ళు. క్లారినెట్టుకు అక్షరాలు ఉండవు కాబట్టి అక్కడ ఏ తగాదా లేదు. వినాయకచవితి పందిట్లో ఆర్కెస్ట్రా గాయకుడు డ్రమ్ముల వేగం పెంచి, "నీరు రాని పామిడిలో" అని ఊరి పేరు చేర్చి పాడితే ఈలలు పడ్డాయి. శింగనమల వైపు ఎన్నికల జీపు ఒకటి "నీరు తెచ్చే దారిలోన నిలిచినాడు మన అన్న" అని తిరిగింది. ఆ అన్న గెలిచాడు, నీరు మాత్రం అప్పటికి రాలేదు. పుట్టపర్తి నుంచి వచ్చిన భజన బృందం ఒకటి మా వీధిలో "స్వామి రాని దారిలోన" అని చేతులు తట్టి పాడింది. ఊరి నీళ్ళ ట్యాంకరు నడిపే మస్తానన్న క్యాబిన్ మీద స్పీకరు కట్టి, బండి వస్తున్నట్టు ఆడవాళ్ళకు తెలియడానికి ఆ పాటే పెట్టేవాడు.

"ఏమప్పా మస్తానూ, నీరు రాని దారి అని పాడుకుంటా నీళ్ళు తెస్తావే, నీకేమన్నా మతి ఉండాదా?" అని జేజి ఒకరోజు కడవ పట్టుకునే అడిగింది.

"నీళ్ళు రాని దారికే కదా జేజీ నేను వచ్చేది. వచ్చే దారిలో నాతో మీకేం పని?" అన్నాడు మస్తానన్న.

జేజి నవ్వింది. అత్త కూడా నవ్వింది. మొదట్లో అత్త కూడా అందరిలాగే నీరు అనే పాడేది. అది నాకు బాగా గుర్తు. కొర్రలు చెరిగేటప్పుడు, ఊరిబిండి పచ్చడి నూరేటప్పుడు రోటి చప్పుడుకు లయ కుదుర్చుకుని, బొంగురు గొంతుతో. జేజి తలుపుకు ఆనుకుని వినేది. నీరు వస్తే వాళ్ళు వస్తారు కదా. అందుకని ఆ పాట మా ఇంట్లో ఒక మొక్కులాగ ఉండేది. పాడే మనిషికీ, వినే మనిషికీ ఒకే కోరిక.

తర్వాత పైన ఎక్కడో కుండపోతగా కురిసి, పెన్నకు నీళ్ళు వచ్చాయి. ఎర్రగా, నురగతో, తుమ్మకంపలు మోసుకుంటూ వచ్చాయి. ఊరు ఊరంతా వంతెన మీదికి పోయింది. ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, రవికెగుడ్డ నీళ్ళలో వదిలారు. అత్త నా చేయి పట్టుకుని మోకాళ్ళ దాకా దిగింది. ఇంటికి వచ్చేటప్పుడు చీర కుచ్చిళ్ళు తడిసి, నడిచినంత మేరా నీటి గీత పడింది. నాయన మధ్యాహ్నం భోజనానికి వచ్చి కూర్చుని ఉన్నాడు. అత్త గడప దాటకుండానే నిలబడింది.

"అన్నా, పెన్న వచ్చింది."

"ఊఁ. అంగట్లో చెప్పినారు."

"నీళ్ళొచ్చినాయన్నా."

"విన్నాలేమ్మా. కాళ్ళు తుడుచుకుని లోపలికి రా."

వంటింట్లోంచి జేజి అంది, "నీళ్ళొచ్చినాయంటాంది రా పిల్ల. నీకు చెవుల్లో పోలేదా? ఒక కార్డు ముక్క రాయి."

నాయన ముద్ద కలపడం ఆపాడు. "నేను రాయల్లనా? కాళ్ళకు నీళ్ళు తక్కువైనాయని పోయినోడు వాడు. నీళ్ళొచ్చినప్పుడు వాడే రావల్ల. బళ్ళారికి పేపరు పోదా, పెన్న పారిందని వానికి తెలీదా?" అన్నాడు. గొంతు పెంచలేదు. మా నాయన గొంతు పెంచని రోజే ఆయన మాట మారదని ఇంట్లో అందరికీ తెలుసు.

అత్త కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చింది. కార్డు ఎవరూ రాయలేదు. అత్తకు రాయడం వచ్చు. కానీ తానే రాసి మొగుణ్ణి పిలిపించుకోవడం పద్ధతి కాదు. పెన్న పదిహేను రోజులు పారి, పాయలై, మడుగులై, మళ్ళీ ఇసుక అయింది. అన్ని రోజులూ గడప పక్కన చెంబు నిండుగానే ఉంది.

ఏటి అడుగు మళ్ళీ బయటపడిన వారమే అనుకుంటా, అత్త రోటి దగ్గర కూర్చుని "నీవు రాని దారిలోన" అంది.

"నీరు," అంది జేజి లోపలి నుంచి.

అత్త రెండోసారి పాడింది. నీవు అనే.

"నీరు కదే రత్నా. ఊరంతా నీరు అంటాంటే నీకొక్కదానికి నీవు అని యాడ వినబడింది?"

"నాకు అట్లే వినబడతాంది మా," అంది అత్త, రుబ్బడం ఆపకుండా.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి అది అలాగే సాగింది. అత్త నీవు అనేది, జేజి నీరు అని దిద్దేది. వక్కాకు నములుతూ దిద్దేది, వత్తులు చేసుకుంటూ దిద్దేది, పెరట్లో ఉంటే గొంతెత్తి దిద్దేది. పొరుగువాళ్ళకు అది వేడుక. నాకేమో అదొక చదువు. కొత్తగా నేర్చిన విద్య కదా, అత్త పాడేది పేజీ అడుగుకు దిగాల్సిన పాఠమని తీర్పు చెప్పేశాను. "అత్తా, కడవ ఉంది కాబట్టి నీరే సరైన పాఠం," అంటే అత్త నా వైపు చూసి, "నువ్వు బాగా చదువుకున్నావు పాపా," అని చింతపండు పిసుక్కునేది. ఆ మాటను చాలా ఏళ్ళు మెచ్చుకోలుగానే దాచుకున్నాను.

జేజి చివరి రోజుల్లో మాట పడిపోయింది. మంచం పక్కన అత్తే ఉండేది. నీళ్ళు చెంచాతో పెదవుల మీద పోస్తే సగం లోపలికి, సగం మెడ మీదికి. ఒక మధ్యాహ్నం జేజి చేయి ఎత్తి, రోలు ఉన్న వైపు చూపించింది. ఏదో నూరాలని అడుగుతోందేమో అనుకున్నాను నేను. అత్తకు తెలిసింది. కొంగుతో జేజి మెడ తుడిచి, ఆ మెత్తని పాట ఎత్తుకుంది. "నీరు రాని దారిలోన..."

జేజి కళ్ళు తెరిచి చూసింది. అత్త మళ్ళీ అదే వరస పాడింది. నీరు. ఆ 'రు' దగ్గర కొంచెం ఆగి, గట్టిగా పలికింది. జేజి పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు గానీ, "ఆఁ" అన్నట్టు తల ఆడించి కళ్ళు మూసుకుంది. రెండు రోజులకు పోయింది. అత్తకు చివరికి పాట సరిగ్గా వచ్చిందని నేను గ్రంథాలయంలో చెప్పుకున్నాను. దినాలు ముగిశాక అత్త నోటి వెంట మళ్ళీ నీవు అని వచ్చింది. పాత అలవాటు పోలేదనుకున్నాను. బళ్ళారి మామ ఇంకో పెళ్ళి చేసుకున్నాడన్న కబురు ఆ ఏడే వచ్చింది. ఆ కబురు మాత్రం ఎవరూ పెట్టమనకుండానే వచ్చింది.

నాయన తర్వాత అంగడీ ఇల్లూ పోయి, అత్తా నేనూ రెండు గదుల బాడుగ ఇంట్లో ఉన్నాం. నేను ఎందుకు పెళ్ళి చేసుకోలేదన్నది వేరే కథ, దానికి పాట లేదు. ఇద్దరం రెండు మిషన్ల మీద కుట్టుకుంటూ ఉన్నాం. అత్త ట్రంకుపెట్టె మీదే నేను పుస్తకాలు పెట్టుకునేదాన్ని. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఒక్క మిషను నడిస్తే ఇంట్లో చప్పుడు సగం అవుతుందనుకున్నాను గానీ, అంతకంటే చాలా తగ్గింది.

బస్సులో ఆ తీగ చెవిలో పెట్టుకుని నేను విన్నది ఇదంతా. ఊరంతా తప్పు విన్నది, అత్త సరిగ్గా విన్నది అని తేల్చేద్దామంటే, అత్త కూడా మొదట నీరు అనే పాడింది కదా. ఆమె చెవి మారలేదు. పెన్న పారిన తర్వాత కూడా ఆయన రాలేదు కాబట్టి, అది నీళ్ళ తగాదా కాదని ఆమెకు తెలిసిపోయింది. రాని మనిషిని రానివాడుగా పాడింది. జేజి మాత్రం ఆ మాట ఒప్పుకోలేకపోయింది. ఆ ఒక్క చెంబు ఇచ్చిన చేయి ఆమెది. కూతురు నీవు అన్నప్పుడల్లా, నా ఇసుక మాటకు కాదమ్మా, నీళ్ళు లేకనే ఇట్లయింది, నీరు అను, నీరు అను అని బతిమాలుకుంది. నేను దిద్దుబాటు అనుకున్నది అది. చివరి మధ్యాహ్నం అత్త తల్లికి ఆ ఒక్క అక్షరం ఇచ్చి పంపింది. సరేలేమ్మా, నీ తప్పు కాదు, నీళ్ళు లేవు, అంతే అని. మా ఇంట్లో ఆ సంగతి మాటల్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. పాటలో అనుకున్నారు. రెండూ గ్రాహ్యములే అని రాసిన పండితుల మీద నాకు ఇప్పుడు చిన్నచూపు లేదు. వాళ్ళ ఇళ్ళలోనూ ఇద్దరు ఆడవాళ్ళు ఉండి ఉంటారు.

ఇప్పుడు మా వైపు కాలువ వచ్చింది. శింగనమల చెరువులో కొంగలు దిగుతున్నాయి. రోజు విడిచి రోజు మా వీధికి కుళాయి వస్తుంది. మస్తానన్న ట్యాంకరు ఎప్పుడో తుక్కుకు పోయింది. నీళ్ళు మోసే కాలంలో వీధిలో ఆడవాళ్ళ నోళ్ళు మూతపడేవి కావు, కడవ దగ్గర తిట్టుకునేవాళ్ళు, కడవ దించి వక్కాకు ఇచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరి ఇంట్లోకి వాళ్ళకు పైపు ఉంది, ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటారు. గ్రంథాలయంలో పరీక్షలకు చదివే పిల్లలు తల ఎత్తరు. కాళ్ళకు నీళ్ళు ఇవ్వడం మా వీధిలో ఎవరికీ గుర్తులేదు. వచ్చేవాళ్ళు చెప్పులతోనే గడప దగ్గర నిలబడి, పార్శిలు ఇచ్చి పోతారు.

ఫ్రేము కట్టించుకుని వచ్చి, అత్త ఫొటోను మిషను ఎదురుగా గోడకు పెట్టాను. మరుసటి ఉదయం కుళాయి వచ్చింది. బిందెలు నిండాక ఇత్తడి చెంబు తోమి పట్టాను. అత్త పోయాక కూడా ఆ అలవాటు నేను మానలేదు. చెంబు నిండి పైనుంచి పొర్లి, గడప తడిసి, నీళ్ళు వీధిలోకి పారాయి. ఒకప్పుడైతే ఆ పారినదానికి జేజి ఇల్లు పీకి పందిరి వేసేది. కుళాయి కట్టేసి పాట ఎత్తుకున్నాను. నీవు రాని దారిలోన అని ఒకసారి పాడి, ఆగాను. లోపల మిషను మీద కుట్టాల్సిన గుడ్డ ఎండకు వెలుగుతోంది. ఇంకోసారి, కొంచెం గట్టిగా పాడాను. నీవు అనే.

నీరు అని దిద్దేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు.